ట్యాంకు ఆకలి

వంటింటి కిటికీలోంచి చూస్తే ప్లాంటు మంటగొట్టం కనిపిస్తుంది. సాయంత్రం పొయ్యి వెలిగించగానే ఆమె ముందు ఆ మంట వంక చూస్తుంది, తర్వాతే గిన్నె వంక. ఆ రోజు చూసేసరికి మంట గొట్టం అంచుదాకా దిగిపోయి, ఆరిపోబోయి, మళ్ళీ లేచింది. ఎవరో చాటున కూర్చుని ఉఫ్ఫుమని ఊదుతున్నట్టుంది.

గాలి ఎక్కువగా ఉందేమో అని మరొకరైతే అనుకునేవారు. ఆమె అలా అనుకోలేదు. "ఎవరో ఏదో చేస్తున్నారు," అనుకుంది. అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. నడుమ వచ్చింది, వచ్చిన చుట్టంలా కాకుండా ఇంటిమనిషిలా ఉండిపోయింది.

ఊరి మురుగంతా వచ్చి చేరే శుద్ధి కేంద్రంలో ఆమెది బురద ట్యాంకు పని. నీళ్ళు తేరుకున్నాక అడుగున మిగిలిన బురదని పంపుతో మూత ట్యాంకులోకి ఎక్కించాలి. ట్యాంకు ఒళ్ళు చల్లబడకుండా చూసుకోవాలి. గాలి తగలని ఆ చీకట్లో కంటికి కనిపించని పురుగులు బురదని తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసు పక్కనే ఉన్న తెల్లటి రబ్బరు బుడగలో చేరి, అక్కణ్ణుంచి ఇంజనుకి వెళ్తుంది. ఇంజను కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతోనే ప్లాంటులో గాలి పంపులు తిరుగుతాయి. ఇంజను తాగగా మిగిలింది మంటగొట్టం కొసన కాలిపోతుంది. మంట పెద్దదిగా ఉందంటే ట్యాంకు కడుపు నిండా తిని హాయిగా ఉందని అర్థం.

ప్లాంటులో అందరూ ఆమెని ట్యాంకక్క అంటారు. మొదట అక్కా అని పిలిచింది ఇంజను మెకానిక్కు. అతను ఆమె సొంత తమ్ముడు కాబట్టి పిలిచాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి అందుకున్నారు.

మంట చిన్నబోతే ఆమె గుండె ఎందుకు జారిందంటే, పైఆఫీసు వాళ్ళు చెప్పిన మాట ఒకటుంది. వానలు వెలిసేసరికి ఇంజను రోజంతా ఆగకుండా నడిచేంత గ్యాసు రావాలి. రాకపోతే దాన్ని విప్పి, లారీకెక్కించి, వేరే ఊరి ప్లాంటుకి పంపేస్తారు. ఇంజను ఎక్కడుంటే మెకానిక్కు అక్కడ. కరెంటు పుడితే ఎంత, పుట్టకపోతే ఎంత, అది సూపర్‌వైజరు చూసుకుంటాడు. ఆమెకు కావలసింది లారీ రాకపోవడం.

ఆ భయం ఇప్పటిది కాదు. తల్లి పోయిన కొన్నాళ్ళకే తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. మేనమామ తమ్ముణ్ణి తీసుకున్నాడు, పెద్దమ్మ ఆమెను తీసుకుంది, ఇంట్లో సామాన్లు పంచుకున్నట్టే. మేనమామతో ఎక్కిన బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, మంచినీళ్ళు," అన్నాడు వాడు. ఆమె కొళాయి దగ్గరికి పరిగెత్తి, గ్లాసు నింపుకుని, ఒలికిపోకుండా చేయి అడ్డంపెట్టి వెనక్కి తిరిగింది. బస్సు లేదు. దుమ్ము ఉంది, చేతిలో గ్లాసు ఉంది.

అప్పటినుంచి ఆమె ఇంట్లో అడిగాక నీళ్ళు తేవడమనేది లేదు. వచ్చినవాళ్ళు కూర్చోకముందే బల్ల మీద చెంబు సిద్ధంగా ఉంటుంది. పెళ్ళాడినవాడు మంచివాడే గానీ, అన్నిటికీ తొందర ఎక్కువ. పోవడానికి కూడా తొందరపడ్డాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ చెంబు ముందు ఆమె ఒక్కతే కూర్చుంది. అలాంటిది ఒకరోజు ప్లాంటులోకి టార్పాలిన్ కప్పిన ఇంజను లారీ మీద వచ్చింది. దాని వెనక చేతిసంచితో దిగినవాడు తమ్ముడు. నెత్తి మీద సగం జుట్టు లేదు, అయినా గుర్తుపట్టింది, తన ఇంట్లోనే ఉంచుకుంది. అదృష్టమంటే ఇదే అనుకుంది. అదృష్టం మీద ఆమెకు పెద్ద నమ్మకం లేదు కాబట్టి, ఆ రోజు నుంచే అది ఎప్పుడు పోతుందా అని కనిపెట్టుకుని ఉంది.

"ఎప్పుడెళ్తావ్ రా?" అని రోజూ భోజనం దగ్గర అడిగేది. నొప్పి పుట్టే పంటిని నాలుకతో మాటిమాటికీ తడిమి చూసుకున్నట్టు.

"ఎక్కడికక్కా?"

"అదే, ఇంజను తీసేస్తే."

"తీసేసినప్పుడు చూద్దాంలే," అనేవాడు వాడు, కంచంలోకి చూస్తూ.

కంచంలోకి ఎందుకు చూస్తున్నాడు? మొహంలోకి చూడొచ్చుగా? ఆమె ఆలోచిస్తూ ఇంకో గరిటె కూర వేసేది. "చాలక్కా," అనేవాడు. ఆ మాట ఆమె చెవికి ఎక్కేది కాదు. వద్దన్నది అలవాటు కొద్దీ అంటాడు, తినేది ఆకలి కొద్దీ తింటాడు అని ఆమె లెక్క.

ట్యాంకు దగ్గరా అదే లెక్క. బురదని కొలతడ్రమ్ములోకి ఎత్తి, ఎర్రగీత దాకా వచ్చాక పంపు ఆపాలి. అది ఒక పూట మేత. వానలు మొదలైన కొత్తల్లో ఆమె గీత దాటించింది. కాస్తే. బిడ్డకి ఒక ముద్ద ఎక్కువ పెడితే ఏం పోతుంది? రెండు మూడు రోజుల్లో తెల్ల బుడగ బుగ్గలు పూరించినట్టు పొంగింది. మంట నిలువెత్తు లేచింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. గీత దాటించడం సూపర్‌వైజరుకి తెలిస్తే ఊరుకోడు, తమ్ముడికి తెలిస్తే నవ్వుతాడు. పైగా ఇలాంటివి పైకి చెప్పుకుంటే ఉన్నది కాస్తా పోతుందని లోపల ఓ బెంగ.

పోనే పోయింది. పొంగిన బుడగ కొన్నాళ్ళకే వాలడం మొదలుపెట్టింది. ఆమె గీత ఇంకాస్త దాటించింది. బుడగ ఇంకాస్త వాలింది. ఇంత పెడుతున్నా చిక్కిపోతోందంటే, పెట్టింది మధ్యలో ఎవరో లాగేస్తున్నారన్నమాటే. గ్యాసు గొట్టం మూతలన్నీ తడిమి చూసింది. సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తాయేమో చూసింది. ఎక్కడా కన్నం లేదు. కన్నం లేని చోట దొంగ ఉండాలి.

ఆ దొంగ ఎవరా అని వెతుక్కునే శ్రమ లేకుండా గేటు దగ్గర కాపలాదారు సాయం చేశాడు. అతన్నందరూ రేడియో అంటారు. పొద్దున అతని చెవిన పడ్డ కబురు మధ్యాహ్నానికి ప్లాంటంతా మోగుతుంది.

"చెల్లెమ్మా, మీ తమ్ముడు ప్రయాణమా?" అన్నాడు ఆమె లోపలికి వస్తుంటే.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నిన్న కొత్త పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. చక్రాల పెట్టె. చక్రాలున్నదాన్ని మోస్తాడేంటి అని నవ్వుకున్నా, అంతే."

"చప్పుడు కాకుండా ఉండటానికేమో," అనేసింది ఆమె. అన్నాక నాలుక కరుచుకుంది.

"అదీ నిజమే! నాకు తట్టలేదు చూడు," అన్నాడు రేడియో సంబరంగా. "మీ ఇంట్లోనే పెట్టి ఉంటాడుగా? నీకు చూపించలేదా?"

చూపించలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే మంచం కింద, గోడవైపుకి నెట్టి ఉంది. నల్లటి పెట్టె, గట్టి తాళం. ఇన్నాళ్ళూ సంచితో బతికినవాడికి తాళం పెట్టె ఎందుకు? ఆమె దాన్ని ముట్టుకోలేదు. పాము కనిపించినట్టు రెండడుగులు వెనక్కి వేసి, వెళ్ళి చేతులు కడుక్కుంది.

ఇక అక్కణ్ణుంచి అన్నీ కనిపించసాగాయి. ఫోను మోగితే వాడు పెరటి గుమ్మంలోకి వెళ్ళి మాట్లాడతాడు. ఇదివరకు అలా వెళ్ళేవాడా? గుర్తులేదు. గుర్తులేదంటే వెళ్ళేవాడు కాదనే. ఓ సాయంత్రం ఆమె గిన్నెలు తోముతూ కొళాయి కట్టేసి చెవి ఒగ్గింది. అవతల ఎవరో ఆడమనిషి గట్టిగా మాట్లాడుతోంది. వీడు గొంతు తగ్గించి, "రేపు రెండు డబ్బాలు తీస్కెళ్తా... నల్లగా ఉన్నా పర్లేదు, పని జరిగితే చాలు... అబ్బే, అక్కకి తెలియనివ్వను," అన్నాడు.

ఆమె చేతిలోని పళ్ళెం జారి తొట్టిలో పడింది.

"ఏంటక్కా?" అన్నాడు వాడు లోపలికి వచ్చి.

"ఏం లేదు. సబ్బు జారింది. ఫోనెవరు?"

"రాంగ్ నెంబరు."

రాంగ్ నెంబరుతో అంతసేపు మాట్లాడినవాణ్ణి ఆమె ఈ జన్మలో చూడలేదు. ఆ మాటే పైకి అనలేదు. అంటే వాడు నిజం చెప్తాడు. చెప్తే ఇక అది నిజమైపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె అన్నం డబ్బా పట్టుకుని ఇంజను గదికి వెళ్ళింది. ఇంజను తిరుగుతోంది. వాడు లేడు. ట్యాంకు చుట్టూ తిరిగే ఇనప మెట్లెక్కింది. పైనుంచి చూస్తే ప్లాంటంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. షెడ్ల వెనక బురద కలిపే గుంట ఉంది. ఆమె పంపు బురదని లాగేది దాంట్లోంచే. ఆ వేళప్పుడు అక్కడ పిట్ట కూడా ఉండదు. వాడున్నాడు.

టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నీలం డబ్బా మూత తీసి గుంటలోకి వంచాడు. నల్లగా, చిక్కగా, తాడులా దిగింది. రెండో డబ్బా కూడా. అంచులు గుడ్డతో శ్రద్ధగా తుడిచి, డబ్బాలు గోనెపట్టా కింద తోసేసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంజను ఆయిలు! మాడిపోయిన ఇంజను ఆయిలు తెచ్చి పోస్తున్నాడు. ట్యాంకులో పురుగులు చస్తాయి, గ్యాసు చస్తుంది, లారీ వస్తుంది. వీడు ఆ పెట్టె పట్టుకుని లారీ వెనకాలే ఆ గట్టిగొంతు మనిషి దగ్గరికి పోతాడు. ఆమెకి ఒక్కసారిగా అన్ని ముక్కలూ అతుక్కున్నాయి. అవి ఎంత బాగా అతుక్కున్నాయంటే, మెట్లమీదే కూర్చుని తెచ్చిన డబ్బా తనే తినేసింది. ఏం తిన్నదో తెలియలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆమే అంది, "ఆ ఊళ్ళో నీకు తెలిసినవాళ్ళున్నారా?"

"ఏ ఊళ్ళో?"

"ఇంజను వెళ్ళబోయే ఊళ్ళో."

"అది వెళ్తుందని ఎవరన్నారు?"

"వెళ్ళకుండా ఎవరాపుతున్నారు?"

వాడు చటుక్కున తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. దొరికిపోయినవాడి మొహం అచ్చం అలాగే ఉంటుందని ఆమె అనుకుంది. కంచంలో ఇంకో గరిటె పడింది.

"అక్కా, చాలంటే వినవు. నాకు కడుపులో బాగుండట్లేదు."

"ఉండదులే. ఎలా ఉంటుంది?" అంది ఆమె.

పొద్దున్నే ట్యాంకు పక్క కొళాయి తిప్పి ఖాళీ జాం సీసాలో కాస్త బురద పట్టుకుంది. కొంగు చాటున పెట్టుకుని ల్యాబుకి వెళ్ళింది. ల్యాబులో కళ్ళద్దాల మేడం ఒక్కతే ఉంది. చిన్నపిల్లే, చదువుకున్న పిల్ల. మాట తిన్నగా మాట్లాడుతుంది.

"జాం సీసాలో తెచ్చావేంటక్కా? ఎవరైనా రొట్టెకి రాసుకుంటే?"

"ఇందులో ఆయిలుందేమో చూడమ్మా. ఇంజను ఆయిలు. ఎవరికీ చెప్పకు."

మేడం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించింది. రంగు కాగితం ముంచింది. దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, ఇంకోటి ముంచింది. నవ్వు పోయింది.

"ఇంజను ఆయిలు కాదు. ఇది వంట జిడ్డు. హోటళ్ళలో గిన్నెలు కడిగితే తేలే కొవ్వు. కానీ అది కాదక్కా నా బాధ. ట్యాంకు పులిసిపోయింది."

"విషం పెట్టారా?"

"విషమేంటి! అజీర్తి." మేడం సీసా బల్ల మీద పెట్టింది. "లోపల రెండు రకాల పురుగులుంటాయి. ఒక రకం బురదని తిని పులుపు చేస్తాయి. రెండో రకం ఆ పులుపుని తిని గ్యాసు చేస్తాయి. మొదటివి దూకుడు, రెండోవి నిదానం. మేత మితంగా పెడితే ఇద్దరికీ సరిపోతుంది. మితిమీరి పెట్టావనుకో, మొదటివి గబగబా పులుపు చేసి పడేస్తాయి. రెండోవి తినలేక చేతులెత్తేస్తాయి. ఇక గ్యాసెక్కడిది?"

"అయితే ఆ జిడ్డువల్లేగా?"

"జిడ్డు కాస్త పోస్తే గ్యాసు పెరుగుతుంది. ఎవరో పెంచాలనే పోసినట్టున్నారు. అదొక్కటే అయితే తట్టుకునేదేమో. దీన్ని చూస్తే బురద కూడా విపరీతంగా ఎక్కించినట్టుంది. నువ్వు గీత దగ్గరే ఆపుతున్నావుగా అక్కా?"

ఆమె తన చెప్పుల వంక చూసుకుంది. "పంపు ఆపి వచ్చానో, అట్టే వదిలేసి వచ్చానో," అని గొణిగి బయటపడింది.

దారిలో మనసు ఒకచోట నిలవలేదు. పెంచాలని పోశాడా? పెంచాలనుకునేవాడు దొంగచాటుగా ఎందుకు పోస్తాడు? ఎక్కువైతే చెడుతుందని ఇంజను పనివాడికి తెలియదా? తెలిసే పోశాడేమో, పెంచుతున్నట్టే కనిపిస్తూ చెడగొట్టాలని. అనుమానానికి తిండి పెట్టేవాళ్ళుంటే అది ఎంతైనా తింటుంది, దానికి అజీర్తి లేదు. తన గీత సంగతి మాత్రం ఆమె తలలోకి రాబోతూ, గుమ్మంలోనే ఆగిపోతోంది.

ఇంజను గదిలో చెవులు చిల్లులు పడే రొద. వాడు చెవుల్లో దూది పెట్టుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి అరిచింది. వాడు చెయ్యి ఊపి, తర్వాత అన్నట్టు సైగ చేశాడు. తర్వాతేంటి, ఇంకా తర్వాతేంటి అని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఊపిరి కూడదీసుకుని, గొంతు చించుకుని మళ్ళీ మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే పలచబడ్డ గ్యాసు తాగలేక ఇంజను రెండుసార్లు దగ్గింది, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె మాట మాత్రం ఆగలేదు.

"నన్ను వదిలేసి పోవాలంటే చెప్పి పోరా! దాని కడుపు మీద కొట్టి దొంగలా పోతావెందుకు!"

గోడలకి కొట్టుకుని ఆ మాట ఆవరణంతా వినిపించింది. తలుపు దగ్గర సూపర్‌వైజరు కాగితాల బొత్తితో నిలబడిపోయాడు. దూరంగా గేటు దగ్గర రేడియో కుర్చీలోంచి లేచాడు.

తమ్ముడు చెవుల్లోంచి దూది తీసుకున్నాడు. తీయకపోయినా వినిపించి ఉండేది.

"నేనా? పోవాలనుకుంటున్నానా?"

"చూశాన్రా. గుంటలో పోస్తుంటే చూశా. పైనుంచి."

"చూస్తే అడగొద్దూ! అది జిడ్డక్కా. నేను ఇదివరకు చేసిన ప్లాంటులో పోసేవాళ్ళం. ఎంత పోసేవాళ్ళో నాకు సరిగ్గా తెలీదు, పోస్తే మాత్రం గ్యాసు పొంగేది. ఇక్కడ గ్యాసు చాలట్లేదు. నువ్వేమో ముద్ద ముద్దకీ ఎప్పుడెళ్తావ్ ఎప్పుడెళ్తావ్ అంటావ్. నాకు భయమేసింది. అందుకే వానల మొదట్నుంచీ, తెలిస్తే నువ్వు ఇంకా బెంగపడతావని చాటుగా పోస్తున్నా. మొదట్లో పొంగింది కూడాను!"

"మొదట్లో పొంగింది నా వల్ల!" అంది ఆమె పౌరుషంగా.

"నీ వల్లా?"

అప్పుడు తలుపు తోసుకుని వచ్చింది గుమ్మంలో ఆగిన మాట. "నేను... గీత దాటిస్తున్నా. పూటపూటా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సూపర్‌వైజరు కాగితాల బొత్తితోనే నుదురు కొట్టుకున్నాడు. "అంటే, అటు నుంచి అక్కా ఇటు నుంచి తమ్ముడూ కలిసి దాని నోట్లో కుక్కారన్నమాట. బాగుంది. నేను మీటర్లు పాడయ్యాయని రాసి పంపాను పైకి!"

"మరి పెట్టె?" అంది ఆమె, సూపర్‌వైజరు అసలు అక్కడ లేనట్టే.

"ఏ పెట్టె?"

"తాళం పెట్టె! మంచం కింద!"

"ఇంట్లో నా బట్టలకి అలమరా ఉందా? సంచిలోంచి తీసి సంచిలో పెట్టుకుంటూ ఎన్నేళ్ళు బతకను? ఒక చోట సర్దుకుందామని కొన్నా."

"చక్రాలెందుకు?"

"చక్రాల్లేనిది దొరకలా."

"భుజానెందుకు మోశావ్?"

"ఒక చక్రం వంకర. దొర్లిస్తే పిల్లి ఏడ్చినట్టు ఏడుస్తోంది. ఇంకేమైనా ఉన్నాయా? సారు కూడా వింటున్నారు."

"ఫోనులో ఆడమనిషి."

"హోటలావిడ! ఆవిడ జిడ్డు ఎత్తిపోసేవాడు దొరక్క చస్తోంది. నన్ను చూస్తే దేవుణ్ణి చూసినట్టే ఆవిడకి." వాడికి నవ్వు వచ్చింది, కానీ గొంతు నవ్వలేదు. "నేను పోవాలనుకుంటున్నానని ఎలా అనుకున్నావక్కా?"

ఆమె చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో వాడే మళ్ళీ ఎత్తాడు. "ఈ ఇంజను ఇక్కడికి వస్తోందంటే ఎవరూ రామన్నారు. పాత ట్యాంకు, కంపు అన్నారు. నేను అడిగి వచ్చా."

"అడిగి వచ్చావా? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగితేగా. ఎప్పుడెళ్తావనే అడిగావ్. ఎందుకొచ్చావని ఒక్కసారైనా అడిగావా?"

ఆమె లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. గొట్టం మీద మంట లేదు.

తర్వాత జరిగిందంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కళ్ళద్దాల మేడం ట్యాంకుకి లంఖణం అంది. సున్నం కాస్త కలపాలి, వెచ్చదనం తగ్గకుండా చిన్న బాయిలరు వెలిగించాలి, మేత మాత్రం చుక్క పెట్టకూడదు. పులుపు తగ్గి, దానంతట దానికి ఆకలి పుట్టాలి. ఎన్నాళ్ళు పడుతుందో దానికే తెలియాలి.

పైఆఫీసు నుంచి పెద్దాయన కారులో వచ్చాడు. వాలిపోయిన బుడగ చూశాడు, సంగతి విన్నాడు, కోపం తెచ్చుకోబోయి మానేశాడు. "జబ్బు ఇంజనుది కాదుగా. వానలు వెలిసేదాకా గడువు ఇచ్చాం, దాన్ని ఇప్పుడు కదపం. ట్యాంకు కోలుకుంటే ఇక్కడే. లేకపోతే లేదు. అంతదాకా మెకానిక్కు ఖాళీగా కూర్చోవడం దేనికి? పక్క ప్లాంటులో ఇంజను కుంటుతోంది. ఎక్కవయ్యా."

అప్పటికప్పుడే. ఆమెకు సర్దే వ్యవధి కూడా ఇవ్వలేదు. వాడు పరుగున ఇంటికి వెళ్ళి పాత సంచితో వచ్చి కారులో కూర్చున్నాడు. ఆమె కారు పక్కన నిలబడింది.

వాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అక్కా, మంచినీళ్ళు."

వాడికి గుర్తుందా? గుర్తుండే అడిగాడా, దాహమేసి అడిగాడా? కావాలని పంపిస్తున్నాడా? నీళ్ళ కొళాయి ల్యాబు గోడ పక్కన ఉంది. అటు వెళ్ళాలంటే కారుకి వీపు తిప్పాలి. కారు ఇంజను అప్పటికే తిరుగుతోంది. పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు.

ఆమె వెళ్ళింది. పరిగెత్తలేదు. ల్యాబు కిటికీలో ఉన్న మేడం గ్లాసు తీసుకుని, కొళాయి కింద పెట్టి, వెనక్కి చూడకుండా నింపింది. చేయి అడ్డంపెట్టి తిరిగింది.

కారు ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. వాడు ఒక కాలు కారులో, ఒక కాలు నేలమీద పెట్టి కూర్చున్నాడు. ఆ కాలు తీస్తేగాని తలుపు పడదు, తలుపు పడితేగాని కారు కదలదు. డ్రైవరు విసుక్కుంటున్నాడు. వాడు పట్టించుకోవట్లేదు.

గుక్కెడు తాగాడు. గ్లాసు ఆమె చేతికిచ్చి, అప్పుడు కాలు లోపలికి తీసుకున్నాడు.

"ఎప్పుడొస్తావ్?" అంది ఆమె. ఆ ప్రశ్న ఆమె నోటికే కొత్తగా ఉంది.

"దానికి ఆకలేసినప్పుడు చెప్పు, వస్తా."

కారు వెళ్ళిపోయాక రేడియో గేటు మూస్తూ దగ్గరికొచ్చాడు. "దిగులుపడకు చెల్లెమ్మా. పెట్టె తీస్కెళ్ళలేదుగా?"

"లేదన్నయ్యా. సంచే."

"మరింకేం." రెండడుగులు వేసి, ఆగి, "పెట్టెలో ఏమైనా ఉందో లేదో చూశావా?" అన్నాడు.

ఆమె ఇంటికి వెళ్ళి మంచం కింద నుంచి పెట్టెని లాగింది. వంకర చక్రం పిల్లిలా ఏడ్చింది. ఎత్తి చూసింది. బరువుగానే ఉంది. బట్టలే అయి ఉంటాయి. రాళ్ళు కూడా బరువుగానే ఉంటాయి కదా అని ఒక క్షణం అనిపించింది. తాళం వంక చూసి, ఛీ అని తన్ను తానే కసురుకుని, లోపలికి నెట్టేసింది.

ఏమీ చేయకుండా ఉండటంకంటే కష్టమైన పని ఆమె తన జీవితంలో చేయలేదు. పంపు మీట కనిపిస్తే చెయ్యి దురద పెట్టేది. ఒక్క ముద్ద పెడితే ఏమవుతుంది అని లోపల్నుంచి ఎవరో అనేవారు. ఏమవుతుందో ఇప్పుడు తెలుసు. వాడు రావడం అంత వెనక్కి పోతుంది. అయినా తన చేతి మీద తనకే నమ్మకం లేక, పంపు గది తాళంచెవి తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టేసింది.

"అడిగినా ఇవ్వకమ్మా. ఏడ్చినా ఇవ్వకు."

పూటకోసారి జాం సీసా పట్టుకెళ్ళేది. మేడం కాగితం ముంచి చూసి తల అడ్డంగా ఊపేది. వానలు పలచబడ్డాయి. బుడగ నేలకి అంటుకుపోయి, విప్పి పడేసిన చొక్కాలా ఉండేది. వాడు ఫోను చేసి, "ఎలా ఉంది?" అనేవాడు. ఎవరికెలా ఉందని అడుగుతున్నాడో తేల్చుకోకుండానే, "అలాగే ఉంది," అనేది ఆమె. వెనకాల ఎవరివో నవ్వులు వినిపించేవి. కొత్త స్నేహితులు. అక్కడ బాగుందేమో. ఫోను పెట్టేశాక ఆ నవ్వుల్ని చాలాసేపు వింటూ కూర్చునేది.

ఒక ఉదయం మేడం కాగితాన్ని వెలుతురులో పట్టుకుని, ఇంకొకటి ముంచి, మాట్లాడకుండా సొరుగు లాగి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "కొంచెం. గీతలో పావు వంతు. అంతే."

పావు వంతే పెట్టింది. చెయ్యి గీత వైపు పోలేదు. మర్నాడు పావు వంతే. ఆ తర్వాత సగం. ట్యాంకు గోడకి చెవి ఆనించి విన్నది. లోపల గురగురమంటూ ఏదో కదిలింది. తెల్ల బుడగ ముడతలు ఒక పక్కనుంచి మెల్లగా సాగాయి.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించి కిటికీలోంచి చూసింది. గొట్టం కొసన మంట ఉంది. పెద్దది కాదు. నీలంగా, పొట్టిగా, కదలకుండా నిలబడి ఉంది. ఊదేవాళ్ళెవరూ లేరు. ఆమె పొయ్యి ఆపేసి ఫోను అందుకుంది.

"దానికి ఆకలేసిందిరా," అంది.

అవతల్నుంచి వాడి గొంతు సన్నగా, అనుమానంగా వచ్చింది. "నిజంగానా? నన్ను రప్పించడానికి చెప్తున్నావా?"

ఆమె కిటికీలోంచి మంటని ఇంకోసారి చూసుకుంది.

"వచ్చి చూసుకో," అని ఫోను పెట్టేసింది.